వేలి మీద పెన్ను నొక్కాక చూడాల్సింది చెయ్యి ఎటు వెళ్తోందని

మీరు అడిగింది ఇదీ. న్యూరో ఐసీయూలో కొత్తగా చేరారు. బైక్ యాక్సిడెంట్‌లో తలకు దెబ్బ తగిలి వచ్చిన ఒకే పేషెంట్‌కి మీరు ఎం4 రాశారు, నైట్ డ్యూటీ సిస్టర్ ఎం5 రాశారు, డ్యూటీ డాక్టర్ వచ్చి ఎం3 అన్నారు. (ఎం అంటే స్పృహ కొలిచే గ్లాస్గో కోమా స్కేల్, జీసీఎస్‌లో, కదలికకి ఇచ్చే అంకె. 1 నుంచి 6 దాకా, ఎక్కువైతే మెరుగు.) ఎవరిది కరెక్ట్? ఛాతీ మీద పిడికిలితో రుద్దాలా, గోరు మీద నొక్కాలా? పైగా పేషెంట్ భార్య తలుపు అద్దంలోంచి చూసి "స్పృహలో లేని మనిషిని ఎందుకట్లా గిల్లుతున్నారు" అని గొడవ పెట్టుకుందని రాశారు.

నా సర్వీసులో ఎక్కువ భాగం న్యూరో ఐసీయూలోనే గడిచింది, ఇప్పుడు అక్కడే ఇన్‌చార్జిని. నా అనుమానం ఏమిటంటే, మీ ముగ్గురూ చూసిందే రాశారు. కాకపోతే ముగ్గురూ మూడు చోట్ల నొక్కి ఉంటారు. ఎక్కడ నొక్కారు, ఎంతసేపు నొక్కారు, చెయ్యి ఎక్కడిదాకా వచ్చింది అనేవి రాయకుండా అంకె ఒక్కటే రాస్తే ఇలాగే అవుతుంది.

కొంచెం వెనక్కి వెళ్లి చెప్తాను. గ్లాస్గో కోమా స్కేల్‌ను గ్రాహమ్ టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ 1974లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఇద్దరూ గ్లాస్గోలో పనిచేసిన న్యూరోసర్జన్లే. అంతకుముందు కేస్ షీట్లలో స్టూపర్, సెమీకోమా లాంటి మాటలు రాసేవారు, ఒక్కొక్కరి లెక్క ఒక్కోలా ఉండేది. మన దగ్గర ఇప్పటికీ "డ్రౌజీ", "సెమీకాన్షస్" అని రాసి చేతులు దులుపుకునేవాళ్లు ఉన్నారు, అది వేరే సంగతి. మంచం పక్కన నిలబడిన మనిషి, నర్సయినా డాక్టరయినా, కళ్లతో చూసింది చూసినట్టు చెప్పడానికి ఒక పద్ధతి కావాలనేది వాళ్ల ఆలోచన. కళ్లు (ఈ), మాట (వి), కదలిక (ఎం) మూడూ విడివిడిగా చూడమన్నారు. అన్నీ కలిపి మొత్తం 3 నుంచి 15 అనే లెక్క తర్వాత స్థిరపడింది. మొదటి స్కేల్లో కదలికకి ఐదు మెట్లే ఉండేవి. మామూలుగా చెయ్యి ముడవడాన్నీ అసహజంగా ముడుచుకోవడాన్నీ విడదీసి ఆరు చేసింది ఆ తర్వాతే. మీ ఎం4కీ డ్యూటీ డాక్టర్ ఎం3కీ తేడా వచ్చింది సరిగ్గా ఆ అతుకు దగ్గరే.

నొప్పి జోలికి వెళ్లే ముందు చేయాల్సినవి చాలా ఉన్నాయి. చాలామంది లోపలికి రాగానే గిల్లుతారు, అది తప్పు. మంచం కాళ్ల వైపు ఒక్క నిమిషం ఊరికే నిలబడి చూడండి. తనంతట తాను కళ్లు తెరుస్తున్నాడా, ముక్కులోని రైల్స్ ట్యూబ్ పీక్కోవడానికి చెయ్యి పైకి తెస్తున్నాడా? ట్యూబ్ దాకా చెయ్యి తెచ్చి లాగే మనిషిని మీరు ఎక్కడా నొక్కక్కర్లేదు. మీకు కావాల్సిన జవాబు వాడే ఇచ్చేశాడు. తర్వాత పేరు పెట్టి పిలవండి. కేస్ షీట్లో ఉన్న పేరుతో కాదు, ఇంట్లో పిలిచే పేరుతో. ఆధార్ కార్డులో వెంకట సుబ్బారావు అని ఉన్న మనిషి ఇంట్లో "బుజ్జి" అయి ఉంటాడు. బంధువులను అడగండి, చెప్తారు. చెవుడు ఉందా అనేది కూడా అప్పుడే అడగండి.

భాష కూడా అంతే ముఖ్యం. ఒడిశా నుంచి ఇటుక బట్టీల్లో పనికి వచ్చిన కుర్రాడిని తెలుగులో "నాలుక బయటపెట్టు" అంటే పెట్టడు. దానికి ఎం5 రాస్తే తప్పు అతనిది కాదు. తోడు వచ్చినవాళ్లలో ఒకరిని లోపలికి పిలిచి అతని భాషలో చెప్పించండి. తేదీ అడిగినప్పుడు మన ముసలమ్మలు ఫిబ్రవరి అనరు, "సంక్రాంతి పోయింది, శివరాత్రి ఇంకా రాలేదు" అంటారు. అది సరైన జవాబే, వి5, అంటే మాటకి పూర్తి అంకె ఇవ్వాలి. "కన్‌ఫ్యూజ్డ్" అని రాసిన షీట్లు నేను చూశాను, చిరాకేస్తుంది.

చెప్పిన మాట వింటున్నాడా అని చూడటానికి "నా చెయ్యి పట్టుకో" అని ఒక్కటే అడగొద్దు. మెదడు ముందు భాగం దెబ్బతిన్నవాళ్లకి అరచేతిలో వేలు పెడితే చాలు, పట్టేసుకుంటారు. అది రిఫ్లెక్స్. "పట్టుకో" అన్నాక "వదిలెయ్" అనండి. వదిలితే మాట విన్నట్టు. లేదా రెండు వేళ్లు చూపించమనండి, నాలుక చాపమనండి. ఇవి చేస్తే ఎం6, అక్కడితో కదలిక పరీక్ష అయిపోయింది. మాట వినే మనిషిని నొప్పి పెట్టడానికి ఏ కారణమూ లేదు.

పిలుపుకీ పలకలేదు, భుజం తట్టినా పలకలేదు. అప్పుడే నొక్కడం.

2014లో టీస్‌డేల్, ఆయన తోటివాళ్లు నలభై ఏళ్ల అనుభవంతో ఈ స్కేల్‌ని మళ్లీ సరిచేసి, ఎక్కడ నొక్కాలో వరుసగా చెప్పారు. మొదటిది వేలి కొస. గోటి మీద పెన్ను అడ్డంగా పెట్టి మీ బొటనవేలితో నొక్కుతారు. నేనైతే గోటి మధ్యలో కాకుండా వేలి పక్కన పెడతాను, గంట గంటకూ చూడాల్సిన పేషెంట్‌కి గోరు నల్లబడిపోకుండా. రెండోది మెడకీ భుజానికీ మధ్య ఉండే కండ. దాన్ని బొటనవేలు, రెండు వేళ్ల మధ్య పట్టి పిండాలి. మూడోది కనుబొమ కింద ఎముక అంచు. ముక్కు వైపు వేలితో తడిమితే చిన్న గాడి దొరుకుతుంది, అక్కడ బొటనవేలితో నొక్కాలి. మొహం ఎముకలు విరిగినవాళ్లకి, కన్ను వాచినవాళ్లకి అక్కడ ముట్టుకోవద్దు. ఎక్కడైనా సరే మెల్లగా మొదలుపెట్టి పెంచుతూ పోవాలి. పది సెకన్లు దాటొద్దు. జవాబు రాగానే వదిలెయ్యాలి.

ఒకచోట నొక్కితే చాలదా అంటారేమో. చాలదు. కళ్లు తెరుస్తాడా అని చూడటానికి వేలి కొస మంచిది, ఎందుకంటే కనుబొమ దగ్గర నొక్కితే మనిషి కళ్లు ఇంకా గట్టిగా మూసుకుంటాడు. అది చూసి ఈ1, అంటే కళ్లు అసలు తెరవలేదని రాస్తే అన్యాయం. చెయ్యి నొప్పి ఉన్నచోటికి వస్తుందా అని చూడాలంటే మాత్రం మెడ దగ్గరో, కనుబొమ దగ్గరో నొక్కాలి. వేలు నొక్కితే చెయ్యి వెనక్కి లాక్కుంటాడు, అందులో ఎం5 తేలదు, అవతలి చెయ్యి వచ్చి మీ చేతిని తోసేస్తే తప్ప.

ఇక ఛాతీ రుద్దడం. మన హాస్పిటళ్లలో అందరికీ అలవాటైంది ఇదే, పైన చెప్పిన మూడింట్లో ఇది లేదు. చర్మం కమిలిపోతుంది, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మీద ఉన్నవాళ్లకి పెద్ద మచ్చ పడుతుంది. అసలు చిక్కు అది కూడా కాదు. మెదడు లోపలి దెబ్బ వల్ల అసహజంగా ముడుచుకునే చెయ్యి ఎటు వస్తుంది? ఛాతీ మీదికే. మీరు రుద్దుతున్నదీ అక్కడే. ఎం3 చెయ్యి తన దారిన తాను ముడుచుకుని మీ పిడికిలి దగ్గరికి వస్తే, చూసేవాళ్లకి "చెయ్యి తెచ్చాడు, ఎం5" అనిపిస్తుంది. మీ నైట్ సిస్టర్ విషయంలో జరిగింది ఇదే అయి ఉండొచ్చని నా ఊహ. అదే చెయ్యి మెడ దగ్గర పిండినప్పుడు కాలర్ ఎముక దాటి పైకి రాదు. కాలర్ ఎముక దాటి నొప్పి ఉన్నచోటికి వస్తేనే ఎం5. ఈ ఒక్క గీత గుర్తుపెట్టుకోండి, సగం గొడవలు తీరతాయి.

మిగిలిన సగం ఎం4కీ ఎం3కీ మధ్య. ఇక్కడ మీ చూపు మోచేతి మీద కాదు, వేగం మీదా బొటనవేలి మీదా ఉండాలి. ఎం4లో చెయ్యి చటుక్కున ముడుస్తాడు, వేడి గిన్నె తగిలినప్పుడు మనం లాక్కున్నట్టు. మోచెయ్యి ఒంటికి దూరంగా జరుగుతుంది, మళ్లీ నొక్కితే కాస్త వేరేలా లాక్కుంటాడు. ఎం3లో నెమ్మదిగా, ప్రతిసారీ ఒకేలా వస్తుంది. ముంజేయి లోపలికి తిరిగి ఛాతీకి అడ్డంగా వచ్చి, మణికట్టు వంగి, బొటనవేలు పిడికిట్లోకి వెళ్లిపోతుంది. కాళ్లు బిగుసుకుని చాచుకుంటాయి. ఎం2లో మోచెయ్యి ముడవదు, చాచుకుని లోపలికి మెలి తిరుగుతుంది. ఒకసారి చూసి తేల్చుకోలేకపోతే ఒక నిమిషం ఆగి రెండోసారి చూడండి. మొదటిసారి ఎలా వచ్చిందో రెండోసారీ అచ్చం అలాగే వస్తే నేను ఎం3 వైపు మొగ్గుతాను.

రెండు చేతులూ చూడాలి. స్కోరులో రాసేది మెరుగైన చేతిది, డాక్టర్‌కి చెప్పాల్సింది తేడా. మా దగ్గర ఒక కుర్రాడి విషయం చెప్తాను, హెల్మెట్ లేదు, రోడ్డు మీద పడ్డాడు. ఎడమ భుజం పిండితే కుడి చెయ్యి లేచి, గుండెల మీదుగా దాటి, నా గ్లవ్ వేలు పట్టుకుని గుంజింది. చక్కటి ఎం5. కుడి భుజం పిండితే ఎడమ చెయ్యి కదలడానికి టైం తీసుకుంది, నెమ్మదిగా ముడుచుకుని బొడ్డుకి పైన ఆగిపోయింది, బొటనవేలు లోపల. రెండు గంటల ముందు షీట్లో రెండు చేతులూ ఒకేలా ఉన్నాయి. చార్టులో ఎం5 మారలేదు, కానీ ఆ ఎడమ చెయ్యి కొత్త కబురు. టార్చి వేసి చూస్తే కుడి కంటి పాప ఎడమదాని కన్నా పెద్దగా ఉంది. మళ్లీ సీటీ తీస్తే కుడి వైపు రక్తం గడ్డ పెరిగింది, ఆ రాత్రే ఆపరేషన్‌కి తీసుకెళ్లారు. అంకె చూసి కూర్చుంటే తెల్లారేదాకా తెలిసేది కాదు.

కాళ్ల గురించి ఒక్క ముక్క. కాలి వేలు నొక్కితే తుంటి, మోకాలు, చీలమండ మూడూ ఒకేసారి ముడుచుకోవచ్చు. బంధువులు "కాలు లాక్కున్నాడు సిస్టర్" అని ఆశగా చెప్తారు. అది వెన్నుపాము చేసే పని, మెదడు దాకా కబురు వెళ్లకపోయినా జరుగుతుంది. అందుకే స్పృహ కొలవడానికి కాలు పనికిరాదు. బ్రెయిన్ డెత్ పరీక్షలో కూడా నొప్పిని మొహం మీద కలిగించి చూస్తారు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బోర్డు కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. ఆ సమయంలోనూ కాలు ముడుచుకోవడం కనబడొచ్చు. కుటుంబానికి ముందే చెప్పకపోతే ఎంత రభస అవుతుందో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు స్కోరు నమ్మకూడని సందర్భాలు. ఇవి మీకు మొదటి ఏడాదిలోనే ఎదురవుతాయి.

మన జిల్లాల్లో వానాకాలం వస్తే కట్లపాము కేసులు వస్తాయి. రాత్రి నేల మీద పడుకున్నప్పుడు కరుస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, గాటు కూడా సరిగ్గా కనబడదు. తెల్లవారుజామున కడుపులో నొప్పి అంటారు, రెప్పలు వాలిపోతాయి, తర్వాత మాట, మింగడం, ఊపిరి ఒక్కొక్కటే పోతాయి. వెంటిలేటర్ మీద పెట్టాక ఆ మనిషిని చూస్తే ఎక్కడ నొక్కినా ఏమీ లేదు. కంటి పాపలు కూడా పెద్దవై వెలుగుకి చలించకపోవచ్చు. స్కేల్ ప్రకారం 3. కానీ మెదడు బాగానే ఉంది, విషం నరానికీ కండకీ మధ్య దారి మూసేసింది. మీరు మాట్లాడేదంతా ఆయన వింటుంటాడు, మీరు గిల్లిన ప్రతి గిల్లూ ఆయనకి తెలుస్తుంది. అలాంటి పేషెంట్ దగ్గర గంటకోసారి పెన్ను నొక్కడం హింస. రెప్ప ఎత్తి, ఎదురుగా నిలబడి మాట్లాడండి. కాలి బొటనవేలు కాస్తయినా కదపమనండి, కొద్ది కదలిక మిగిలిందేమో చూడండి. "విషానికి మందు వేశాం, మిషన్ మీకు ఊపిరి ఇస్తోంది, మెల్లగా బలం వస్తుంది" అని ప్రతి షిఫ్టులోనూ చెప్పండి. "ఈయన పని అయిపోయింది" లాంటి మాటలు మంచం పక్కన ఎవరూ అనకుండా చూడండి.

కండరాలు కదలకుండా చేసే అట్రాక్యూరియం, వెక్యురోనియం వేసిన పేషెంట్ కూడా అంతే. మందు పని చేస్తున్నంతసేపు స్కోరు అడగడమే తప్పు, చార్టులో "పరీక్షించడం కుదరలేదు, మందు మీద ఉన్నారు" అని రాయండి. మత్తుకీ నొప్పికీ ఇచ్చే మిడజోలం, ఫెంటానిల్ నడుస్తుంటే ఎంత డోసులో ఉన్నప్పుడు చూశారో రాయండి. మీ ముగ్గురి తేడాలో ఇది కూడా కొంత ఉండొచ్చు. మెడ వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకి చేతులు కదలవు, మొహంలో బాధ కనబడుతుంది, కళ్లు తెరుస్తారు. మెదడు కింది కాండానికి రక్తం తెచ్చే బేసిలార్ ధమని మూసుకుపోయిన కొందరు అచ్చం శిలలా పడి ఉంటారు కానీ కళ్లు పైకీ కిందికీ కదపగలరు. కాబట్టి ఏ పేషెంట్‌కైనా ఎం1 (ఏ కదలికా లేదని) రాసే ముందు "పైకి చూడండి, కిందికి చూడండి" అని ఒక్కసారి అడగండి. ఎడమ మెదడు స్ట్రోక్‌లో మాట పోతుంది, స్పృహ పోదు. ఫిట్స్ వచ్చి తగ్గిన అరగంట, గంట స్కోరు తక్కువగానే ఉంటుంది. పురుగుమందు తాగినవాళ్లకి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఎక్కువైతే కలవరింతలు వస్తాయి, పాపలు పెద్దవవుతాయి. అది చూసి తలలో ఏదో అయిందని కంగారు పడొద్దు, ముందు అట్రోపిన్ షీట్ చూడండి. ఇక స్పృహ తగ్గిన ఏ మనిషికైనా పెన్ను తీసే ముందు గ్లూకోమీటర్ తీయండి. షుగర్ 40 ఉన్న మనిషిని ఎంత నొక్కినా మీకు తెలిసేది ఏమీ లేదు.

గొంతులో ట్యూబ్ ఉంటే మాటకి 1 వేసి కూడొద్దు. వీటీ (వి దగ్గర ట్యూబ్ ఉందని) రాసి మొత్తం వెయ్యకుండా వదిలేయండి. కన్ను వాచి మూసుకుపోతే అక్కడా అంకె వెయ్యొద్దు, కారణం రాయండి. వెంటిలేటర్ పేషెంట్లకి కొన్నిచోట్ల ఫోర్ స్కోర్ వాడుతున్నారు. 2005లో మేయో క్లినిక్ వాళ్లు తెచ్చింది, మాట బదులు కంటి పాపల స్పందన, ఊపిరి తీరు చూస్తుంది. మీ యూనిట్‌లో వాడితే నేర్చుకోండి, బాగుంటుంది.

మొత్తం అంకెని నేను పెద్దగా పట్టించుకోను. ఈ4 వి1 ఎం4 కూడా తొమ్మిదే, ఈ2 వి2 ఎం5 కూడా తొమ్మిదే. ఇద్దరూ ఒక్క రకం పేషెంట్లు కారు. 108లో వచ్చేటప్పుడు రాసే ఏవీపీయూలో (మెలకువ, పిలుపుకి పలకడం, నొప్పికి పలకడం, అసలు పలకకపోవడం అనే నాలుగు మెట్ల లెక్క) "పి" అంటే నొప్పికి మాత్రమే పలికాడని, దాదాపు ఎనిమిది చుట్టుపక్కల ఉన్నాడని తెలుస్తుంది. రోడ్డు మీద అది చాలు, ఐసీయూలో చాలదు.

చెయ్యకూడనివి నేను చెప్పాల్సిన అవసరం ఉండకూడదు, అయినా చెప్తున్నా. చనుమొన మెలిపెట్టడం, వృషణాలు నొక్కడం, సూదితో గుచ్చడం, చెంపలు వాయించడం. "మా సార్ ఇలాగే చూసేవారు" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి, మీరు మాత్రం చెయ్యకండి.

భార్య గొడవ సంగతి. ఆమె స్థానంలో నేనున్నా అడుగుతాను. చూసే ముందే ఆమెని పక్కన కూర్చోబెట్టి ఇలా చెప్పండి: "అమ్మా, పిలిస్తే మీ ఆయన పలకట్లేదు. లోపల ఎంత స్పృహ ఉందో తెలియాలంటే వేలి మీద, భుజం మీద కాస్త గట్టిగా నొక్కి చెయ్యి ఎలా కదుపుతాడో చూస్తాం. పది సెకన్లకంటే ఎక్కువ నొక్కం. తేడా వస్తే మాకు ముందుగా తెలిసేది దీంతోనే." పేషెంట్‌కి కూడా చెప్పండి, వినబడదని మీకు అనిపించినా సరే: "ఇప్పుడు వేలు నొక్కుతున్నాను బాబూ." ఇంకో జాగ్రత్త, ఇలా చెప్పాక కొందరు బంధువులు విజిటింగ్ టైంలో తామే గిల్లి చూడటం మొదలుపెడతారు. అది వద్దని, పేరు పెట్టి పిలిచి మాట్లాడమని చెప్పండి. ఇంటివాళ్ల గొంతుకి మనకంటే ముందు కళ్లు తెరిచినవాళ్లు ఎంతోమంది ఉన్నారు.

మీ యూనిట్‌లో రేపే మొదలుపెట్టగలిగింది ఒకటుంది. డ్యూటీ మారేటప్పుడు వెళ్లే సిస్టర్, వచ్చే సిస్టర్ ఇద్దరూ కలిసి ఒకసారి చూడండి, ఒకరు నొక్కితే ఇద్దరూ అదే చేతిని చూడాలి. పేషెంట్‌కి ఒక్కసారి నొప్పితో సరిపోతుంది, ఎం4 ఎవరికి ఎం5 అవుతోందో అక్కడికక్కడే తేలిపోతుంది. చార్టులో అంకె పక్కన నాలుగు మాటలు రాయండి: "ఎడమ భుజం పిండితే కుడి చెయ్యి గడ్డం దాకా వచ్చింది, ఎడమ చెయ్యి మోచేతి దగ్గర ముడిచాడు."

డాక్టర్‌ని ఎప్పుడు లేపాలి అని భయపడుతుంటారు కొత్తవాళ్లు. తలకు దెబ్బ తగిలినవాళ్లలో స్కోరు ఒక్క పాయింట్ తగ్గి అరగంట అలాగే ఉన్నా లేపండి, అది కదలికలో తగ్గినదైతే మరీను. కదలికలో రెండు తగ్గితే, కళ్లలోనో మాటలోనో మూడు తగ్గితే అరగంట కూడా ఆగొద్దు. కంటి పాపల్లో తేడా వస్తే ఏ స్కోరూ చూడకండి, ఫోన్ చెయ్యండి. ఫోన్లో "జీసీఎస్ తగ్గింది సార్" అంటే నిద్రమత్తులో "సరే, అబ్జర్వ్ చెయ్యండి" అనేస్తారు. "పదకొండింటికి భుజం దాకా వచ్చిన చెయ్యి ఇప్పుడు ఛాతీ మీద ముడుచుకుని ఆగిపోతోంది సార్, బొటనవేలు లోపలికి పోయింది, కుడి పాప పెద్దదైంది" అనండి. పడుకోరు, వస్తారు.